గుణుపూర్ దగ్గర అరెకరం చెరువు, తిలాపియా వేయొచ్చా?

గుణుపూర్_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది ఒడిశా రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర పల్లె. నాన్న పేరు మీద 50 సెంట్ల చెరువు ఉంది. ఏటా వానలకి రోహు, కట్ల పిల్లల్ని వదలడం, సంక్రాంతికి దొరికినంత పట్టుకోవడం, అంతే మా చేపల పెంపకం. ఇంట్లో తవుడు మిగిలితే మేత, లేకపోతే లేదు. ఈసారి కొంచెం పద్ధతిగా చేద్దామని ఉంది.

సంతలో ఒకాయన తిలాపియా సీడు ఇస్తానన్నాడు. ఏ నీళ్లలోనైనా బతుకుతుందట, చావడమే ఉండదట, ఒక్కసారి కొంటే మళ్లీ సీడు కొనే పనే లేదట. ధర కూడా రోహు పిల్ల కంటే తక్కువే చెప్పాడు. నాన్న మాత్రం "ఆ చేప ఏస్తే చెరువు పోతాది" అంటాడు, ఎందుకని అడిగితే సరిగా చెప్పడు. ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పర్లాకిమిడి_చేపలకొట్టు

మళ్లీ సీడు కొనే పనే లేదన్నాడా? ఆ ఒక్క మాటతోనే వాడు అమ్మేదేంటో తెలిసిపోయింది తమ్ముడూ. మీ నాన్నగారు చెప్పిందే రైటు. అది మాకూ కొట్టుకి వస్తుంది. అరచెయ్యంత కూడా ఉండదు, నల్లగా ఉంటుంది, పొట్ట కోస్తే గుడ్లే. తక్కువ ధరకిచ్చినా సాయంత్రానికి బుట్టలో సగం మిగులుతుంది.

అదే తిలాపియా అరకిలో సైజులో తెస్తే మధ్యాహ్నానికే అయిపోతుంది. సన్నముళ్లు ఉండవు కదా, పిల్లలున్న ఇళ్లవాళ్లు అడిగి మరీ కొంటారు. చేప ఒకటే, బేరం రెండు రకాలు. ఎందుకో చదువుకున్నవాళ్లెవరైనా చెప్పాలి.

కాశీనగర్_మేతబస్తా

నేను చెప్తాను. సొంతూరు కాశీనగరే అయినా చాలాకాలం కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల మీద సూపర్‌వైజర్‌గా చేశాను. ఇప్పుడు ఊళ్లో మేత అమ్ముతున్నాను. మేత అమ్మేవాడి మాట అని గుర్తుపెట్టుకునే చదవండి.

కొట్టు అన్నగారు చెప్పిన రెండు బేరాల వెనక రెండు వేరు వేరు రకాలున్నాయి. తిలాపియా అసలు పుట్టుక ఆఫ్రికా, దాని చుట్టుపక్కల దేశాలు. మన దేశానికి 1952లో మొదట వచ్చింది మొజాంబిక్ తిలాపియా. సంతలో ఆ పెద్దమనిషి దగ్గర ఉన్నది నూటికి తొంభై పాళ్లు అదే, లేదా దానితో కలిసిపోయిన సంకరం. దాని గుణం ఏంటంటే, పెరగడం కంటే ముందు పిల్లలు పెట్టడం నేర్చుకుంటుంది. చెరువులో రెండు మూడు నెలల వయసుకే గుడ్లకు వస్తుంది. మగది అడుగు బురదలో గిన్నెలా గుంట చేస్తుంది, ఆడది అందులో గుడ్లు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. పొదిగేది నోట్లోనే. పిల్లలు బయటికొచ్చి ఈదుతున్నా భయం వేస్తే మళ్లీ తల్లి నోట్లోకే దూరతాయి. అందుకే దీని పిల్లల్లో చాలా వరకు బతుకుతాయి. రోహు లక్షల్లో గుడ్లు పెట్టి గాలికి వదిలేస్తే, ఇది వందల్లో పెట్టి కాపాడుకుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నోట్లో గుడ్లున్నన్నాళ్లు, అంటే వారం నుంచి రెండు వారాల వరకు, తల్లి మేత దాదాపు ముట్టదు. నీళ్లు వెచ్చగా ఉంటే నెలా నెలన్నరకే మళ్లీ గుడ్లు. తిన్నదంతా గుడ్లకి పోతుంది, ఒంటికి పట్టదు. ఆర్నెల్లకి మీ చెరువులో తల్లి, కూతురు, మనవరాలు అందరూ ఒకే మేత కోసం కొట్టుకుంటూ ఉంటారు. ఎవరూ వంద గ్రాములు దాటరు. మీ నాన్నగారు చెరువు పోతుందన్నది దీని గురించే. 1959లో కేంద్ర మత్స్య పరిశోధన కమిటీ దీని పెంపకం వద్దని చెప్పింది కూడా ఇందుకే.

రెండోది నైలు తిలాపియా. దాన్ని మెరుగుపరిచిన రకమే గిఫ్ట్. 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలుపెట్టారు. ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ దేశాల నుంచి తెచ్చిన చేపల్నీ, ఆసియాలో అప్పటికే పెంచుతున్న నాలుగు రకాల్నీ కలిపి, తరం తరం బాగా పెరిగినవాటినే ఎంచుకుంటూ వచ్చారు. జన్యువులు మార్చింది కాదు, మన పెద్దలు మంచి ఆవుని ఎంచుకున్న పద్ధతే. మన దగ్గర కృష్ణా జిల్లా మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వాళ్లు వరల్డ్‌ఫిష్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థతో కలిసి ఈ గిఫ్ట్ మీద పనిచేశారు. కేంద్రం అనుమతిచ్చింది దీనికే, అదీ షరతులతో: అన్నీ మగపిల్లలే కావాలి, రాష్ట్ర మత్స్యశాఖ అనుమతి ఉండాలి, చేప చెరువు దాటి బయటికి పోకూడదు.

గుణుపూర్_కుర్రోడు

అన్నీ మగవే అంటే ఎలా? పిల్లప్పుడే ఏరతారా?

కాశీనగర్_మేతబస్తా

ఏరడం పాత పద్ధతి. 30 గ్రాములు దాటాక కడుపు కింద చూస్తే మగదానికి రెండు రంధ్రాలు, ఆడదానికి మూడు కనిపిస్తాయి. కొంచెం నీలి ఇంకు రాస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. వేల చేపల్ని ఇలా చూడటానికి ఎంతమంది కావాలి, ఎంత పొరపాటు జరుగుతుంది, ఆలోచించండి.

ఇప్పుడు హ్యాచరీల్లో చేసేది వేరు. పిల్ల నోట్లోంచి బయటపడి ఈదడం మొదలుపెట్టినప్పుడు సుమారు సెంటీమీటరు పొడవుంటుంది, అప్పటికి అది మగో ఆడో ఇంకా తేలదు. ఆ సమయంలో 21 నుంచి 28 రోజులు మిథైల్ టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కలిపిన మేత పెడతారు, కిలో మేతకి 60 మిల్లీగ్రాముల లెక్కన. ఆడదిగా పుట్టింది కూడా మగదిగా ఎదుగుతుంది. తిలాపియాలో మగది ఆడదానికంటే ఎలాగూ వేగంగా పెరుగుతుంది, గుడ్ల గొడవా ఉండదు. రెండు లాభాలు.

జైపూర్_మాస్టారమ్మ

ఇక్కడే నాకు అనుమానం. హార్మోన్ పెట్టిన చేపని పిల్లలకి పెట్టొచ్చా? మా వీధిలో "ఆ చేప తింటే మగపిల్లలకి గడ్డాలు తొందరగా వస్తాయి, ఆడపిల్లలకి ఇబ్బంది" అని ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. నవ్వు వచ్చినా, అడగకుండా ఉండలేకపోతున్నాను.

కాశీనగర్_మేతబస్తా

అడగాల్సిన ప్రశ్నే అమ్మా. హార్మోన్ పెట్టేది పిల్ల గ్రాము బరువు కూడా లేనప్పుడు. మీ వంటింటికి వచ్చేసరికి అది ఐదారు నెలలు మామూలు మేత తిని, కొన్ని వందల రెట్లు పెరిగి ఉంటుంది. మందు ఆపాక అది ఒంట్లోంచి రోజుల్లో, వారాల్లో బయటికి పోతుంది, అమ్మే నాటికి మిగిలేది ఏమీ ఉండదు. తినేవాళ్ల కంటే భయపడాల్సింది ఆ మేత కలిపే కుర్రాళ్ల గురించి. చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్క్ లేకుండా స్పిరిట్‌లో మందు కరిగించి కలుపుతుంటారు. హ్యాచరీ నీళ్లు ఎక్కడికి వదులుతున్నారన్నది రెండో సంగతి. ఈ రెంటి గురించి వాట్సాప్‌లో ఎవరూ రాయరు.

రైతు ఇంటి దగ్గర హార్మోన్ పని పెట్టుకోకూడదు. అది హ్యాచరీలోనే జరగాలి.

హీరమండలం_నావ

మీరంతా చెరువు గురించి మాట్లాడుతున్నారు, నేను ఏటి గురించి మాట్లాడతాను. గుణుపూర్‌లో పడిన నీటిబొట్టు వంశధార మీదున్న మా గొట్టా బ్యారేజీకి రావాల్సిందే. కాశీనగర్ బాబుకి నేను చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మహేంద్రతనయ, వంశధార ఎలా పొంగాయో మీ గజపతి జిల్లావాళ్లకే బాగా తెలుసు. గట్లు మునిగిన చెరువుల్లో చేప ఒక్కటైనా ఉందా? అంతా ఏట్లోకే.

రోహు పోతే ఏటికి నష్టం లేదు, అది మన దేశపు చేపే. తిలాపియా అలా కాదు. రాజస్థాన్ జైసమంద్ సరస్సులో ఇది చేరాక అక్కడి కార్పుల దిగుబడి, సైజు పడిపోయాయి. గంగ, యమునల్లోనే పాతుకుపోయింది. ఒకసారి చేరితే తీయడం ఎవరి వల్లా కాదు. "అన్నీ మగవే" అంటున్నారు, నూటికి నూరు మగవేనా? నిజం చెప్పండి.

కాశీనగర్_మేతబస్తా

నూటికి నూరు కాదు. మంచి హ్యాచరీ అయితే 95 నుంచి 99 మధ్య. మీరు అడిగింది సరైన ప్రశ్న.

4,000 పిల్లలు వేస్తే నూటికి మూడు ఆడవనుకున్నా 120. వంద గ్రాముల ఆడది ఒక్కసారికి వంద గుడ్లదాకా పెడుతుంది, పెద్దదైతే వెయ్యి కూడా దాటుతుంది. ఐదారు నెలల కల్చర్ చివర్లో చెరువులో పిల్లలు కనపడటం మామూలే. అందుకే ముదరకుండా పట్టేయాలి, పట్టాక చెరువు పూర్తిగా ఎండబెట్టాలి. ఏటికి దగ్గరగా, వరద నీళ్లు వచ్చే పల్లంలో ఉన్న చెరువైతే అసలు తిలాపియా మాటే ఎత్తకూడదు. నియమాలూ అదే చెప్తాయి. గుణుపూర్ తమ్ముడు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. మీ చెరువు ఏటికి ఎంత దూరం? తిత్లీకి మునిగిందా?

గుణుపూర్_కుర్రోడు

ఏటికి దూరమే, మెట్ట మీద ఉంది. తిత్లీకి గట్టు మునగలేదు. కానీ అలుగు దాటి నీళ్లు పక్క పొలాల్లోకి వెళ్లాయి. అక్కడి నుంచి గెడ్డలోకి.

హీరమండలం_నావ

గెడ్డ ఎక్కడికి పోతుంది బాబూ? ఏట్లోకే.

పర్లాకిమిడి_చేపలకొట్టు

నావ మావయ్య ఇవాళ ఏటి తరఫున వకాలత్ తీసుకున్నట్టున్నారు. తప్పు అనడం లేదు, ఏరు లేకపోతే నా కొట్టూ లేదు.

జైపూర్_మాస్టారమ్మ

చలి గురించి ఎవరూ మాట్లాడలేదేం? మా కోరాపుట్ జిల్లాలో ఈ చేప వేసినవాళ్లని చూశాను. మా బంధువు ఒకాయన సెమిలిగుడ వైపు ఆగస్టులో వేశాడు. దసరా దాకా బాగా తిన్నాయి. డిసెంబరు వచ్చేసరికి మేత నీళ్ల మీదే తేలిపోయేది. ఒక చలిగాలి వారంలో తెల్లారేసరికి చేపలు పక్కకి ఒరిగి గట్టు వెంబడి ఉన్నాయి. ఆయన నీళ్లలో ఎవరో మందు కలిపారని పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకున్నాడు.

కాశీనగర్_మేతబస్తా

మందు కాదమ్మా, చలే. ఇది ఎండ దేశపు చేప. 25 నుంచి 32 డిగ్రీల మధ్య బాగా తింటుంది. 20 కిందికి పోతే పెరుగుదల ఆగినట్టే. 16, 17 దగ్గర మేత మానేస్తుంది. 10, 12కి దిగితే చావు. కోరాపుట్ ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, అక్కడ శీతాకాలం దీన్ని నిలపడం కష్టం. గుణుపూర్ పల్లం, వంశధార లోయ, చావులదాకా రాదు. కానీ డిసెంబరు, జనవరి మేత దండగే.

అందువల్ల మన వైపు పంచాంగం ఇలా ఉండాలి అంటాను. జూలైలో వేస్తే అక్టోబరు తుపాను నెత్తి మీద, ఆ తర్వాత చలి. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పది గ్రాముల పిల్ల తెచ్చి వేస్తే ఎండలు మొదలవుతాయి, చేప పరుగు పెడుతుంది. ఆగస్టుకల్లా 400 గ్రాములు దాటాలి. అక్టోబరు తుపానులకి ముందే చెరువు ఖాళీ. నావ బాబాయి భయానికి కూడా నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే.

కిటుకు ఏంటంటే మే నెలలో నీళ్లుండాలి. బోరు ఉందా?

గుణుపూర్_కుర్రోడు

బోరు ఉంది అన్నా, కానీ వేసవిలో పొలానికే సరిపోదు. మే నెలలో చెరువు మోకాలి లోతుకి వచ్చేస్తుంది.

కాశీనగర్_మేతబస్తా

అయితే ఇప్పుడు చేయొద్దు. మీటరు లోతు ఖాయంగా నిలబడని చెరువులో మండు వేసవిలో మేత పెట్టి పెంచితే నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడి, ఒక తెల్లవారుజామున ఆక్సిజన్ అయిపోతుంది. తిలాపియాకి ఓర్పు ఎక్కువ, రోహు చచ్చే నీళ్లలో కూడా నీటి పైపొర దగ్గర మూతి పెట్టి నెట్టుకొస్తుంది. ఆ మాట పట్టుకునే సంతలో ఆయన చావదన్నాడు. బతకడం వేరు, పెరగడం వేరు. ఊపిరికే శక్తంతా పోతే కండ ఎక్కడ పడుతుంది? పైగా వేడి ఎక్కువై, ఇరుకై ఉన్నప్పుడే స్ట్రెప్టోకాకస్ జబ్బు వస్తుంది. కళ్లు ఉబ్బి, గిరగిరా తిరుగుతూ చస్తాయి.

వైరస్ కూడా ఉంది. తిలాపియా లేక్ వైరస్ అని 2014లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గుర్తించారు, 2018లో మన దేశంలో కూడా కనపడింది. దానికి మందు లేదు. అది వచ్చేది ఎక్కువగా సీడుతోనే. సంతలో బిందెలో తెచ్చే సీడు వద్దనడానికి ఇది ఇంకో కారణం.

కాశీనగర్_మహిళాసంఘం

అన్నగారూ, నమస్కారం. మాది మీ కాశీనగర్ బ్లాకే. పంచాయతీ చెరువు మా సంఘానికి లీజుకిచ్చారు, చేపల పెంపకానికి. పోయిన ఏడాది రోహు, భాకుర (కట్ల), మిరికాళి (మృగాల) వేశాం. పట్టిస్తే వలలో సగం ఈ నల్ల తిలాపియానే. మేము వేయలేదు. ఎవరో వదిలారు, లేదా ఎప్పటి నుంచో ఉంది. మా రోహు అరకిలో కూడా కాలేదు. సంఘంలో అందరికీ టెన్షన్. చెరువు ఎండదు, మధ్యలో ఒక గుంట ఎప్పుడూ ఉంటుంది. ఏం చేయాలి?

పర్లాకిమిడి_చేపలకొట్టు

కొర్రమీను వదలండి అమ్మా. పిల్లల్ని మింగేస్తుంది, కొర్రమీనుకి ధర కూడా బంగారం.

కాశీనగర్_మేతబస్తా

కొర్రమీను పిల్లల్ని తింటుంది, నిజమే. కానీ పెద్ద తిలాపియా దాని నోట పట్టదు, తల్లులు అలాగే ఉంటాయి. పైగా మీ రోహు పిల్లల్ని కూడా అదే నోటితో మింగుతుంది, వాటి మీద తిలాపియా అని రాసి ఉండదు కదా. తిలాపియా మాత్రమే పెంచే చెరువులో పిల్లల బెడద తగ్గడానికి, పెంచే తిలాపియా కంటే చిన్న సైజు కొర్రమీను కొద్దిగా వేయడం మంచి పద్ధతే. మీ చెరువుకి కాదు.

మీకు ఇప్పచెక్క సరైనది. మన కొండల్లో ఇప్పకి కొదవా? గింజ నూనె తీసినాక మిగిలిన పిండిలో సపోనిన్ ఉంటుంది, అది మొప్పల ద్వారా చేప రక్తంలోకి వెళ్లి, రక్తకణాల్ని పగలగొట్టి చంపుతుంది. ఏప్రిల్, మేలో నీళ్లు వీలైనంత తోడేయండి. మిగిలిన నీటికి లెక్క: మీటరు లోతు నీళ్లకి హెక్టారుకి 2,500 కిలోలు. మీ చెరువు ఎకరం అనుకుందాం, అందులో అర మీటరు నీళ్లు మిగిలాయంటే సుమారు 500 కిలోలు. గుంట చిన్నదైతే గుంట వైశాల్యమే కట్టుకోండి, చాలా తగ్గుతుంది. ముందురోజు నానబెట్టి, పొద్దున ఎండ వచ్చాక చెరువంతా చల్లి వల లాగుతూ కలియబెట్టాలి. గంటల్లో చేప పైకి తేలుతుంది. ఆ చేప తినొచ్చు, అమ్ముకోవచ్చు. పశువుల్ని మాత్రం కొన్నాళ్లు నీళ్లకి రానివ్వకండి.

రెండు మూడు వారాలకి విషం విరిగిపోయి అదే ఎరువవుతుంది. బ్లీచింగ్ పౌడరుతో కూడా చంపొచ్చు, కానీ అది ఎరువు కాదు. చల్లిన పది రోజుల తర్వాత ఒకసారి వల వేసి చూడండి. తూము దగ్గర, రాళ్ల సందుల్లో, జమ్ము వేళ్లలో నీళ్లు నిలిచి ఉంటే అక్కడా చల్లాలి. నాలుగు చేపలు మిగిలినా మళ్లీ మొదటికే వస్తుంది.

కాశీనగర్_మహిళాసంఘం

మా ఊరి మిల్లులోనే ఇప్పనూనె ఆడతారు. ఇన్నాళ్లూ ఆ చెక్కని ఎవరో లారీలో తీసుకుపోతుంటే చూస్తూ ఉన్నాం! ఇంకో అనుమానం. చెరువులోకి నీళ్లు వచ్చే కాలువ నుంచి మళ్లీ రాదా?

కాశీనగర్_మేతబస్తా

వస్తుంది. కాలువ నోట్లో సన్నకన్ను వల రెండు వరసలు బిగించండి, వానాకాలం రోజూ చెత్త తీయండి. లేకపోతే ఒక్క వానకే కొట్టుకుపోతుంది. ఇక రోహు పిల్ల వేలెడంతది కాకుండా, ఏడాది పాటు ఇరుకులో ఉంచి ఎదగకుండా ఆపిన పెద్ద పిల్ల దొరికితే అదే వేయండి. ధర ఎక్కువైనా ఎదుగుదల వేగం, పోటీకి తట్టుకుంటుంది.

గుణుపూర్_కుర్రోడు

నా సంగతికి వస్తే, నాన్నతో కూర్చుని ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. బోరు లోతు చేయించి వచ్చే ఏడాది మార్చికి చేద్దామంటే "ముందు డబ్బు లెక్క చెప్పు" అన్నాడు. ఎంత అవుతుంది?

కాశీనగర్_మేతబస్తా

ధరలు రోజుకో రకం, కాబట్టి బరువుల్లో చెప్తాను, మీ ఊరి ధరలు మీరే వేసుకోండి.

50 సెంట్లంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ లేదు కాబట్టి మీటరుకి రెండు పిల్లలు చాలు, 4,000. నూటికి 85 బతికితే 3,400. ఒక్కోటి 400 గ్రాములైతే 1,360 కిలోల చేప. కిలో చేపకి కిలోన్నర మేత అనుకోండి, అంటే రెండు టన్నులకి పైగా, నీటి మీద తేలే గుళికల మేత. ఇక్కడే మీ నాన్నగారు ఆగుతారు, ఆగాలి కూడా. మొత్తం ఖర్చులో సగానికి పైగా మేతే. తవుడుతో, వేరుశనగ చెక్కతో సరిపెడతానంటే తిలాపియా ఎందుకు, రోహుయే నయం.

మేత పెట్టే విధానంలోనే లాభనష్టం ఉంది. పది గ్రాముల పిల్లకి ఒంటి బరువులో నూటికి ఆరేడు పాళ్లు, వంద గ్రాములకి మూడు నాలుగు, మూడొందలు దాటాక రెండు. మొదట్లో 32 శాతం మాంసకృత్తులున్న మేత, తర్వాత 28. పదిహేను రోజులకోసారి విసురు వలతో కొన్ని పట్టి తూకం వేసి మేత మార్చుకోవాలి. మేఘాలు కమ్మిన రోజు తగ్గించాలి. పావుగంటలో తినంది ఎక్కువైనట్టు. మేత అమ్మే నేనే చెప్తున్నాను, మిగిలిన గుళిక నీళ్లని పాడుచేస్తుంది.

మన ఎర్రనేలల్లో నీళ్లు కొంచెం పులుపు వైపు ఉంటాయి. ముందు పీహెచ్ చూపించుకోండి, అవసరమైతే ఎకరానికి వంద కిలోల దాకా సున్నం. నీటికాకులకి పైన దారాలు కట్టాలి. పక్షి తినడమే కాదు, బతికిన చేపని పక్క చెరువులో జారవిడుస్తుంది కూడా.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చెరువు పనులకి మామూలు రైతుకి 40 శాతం, ఎస్సీ ఎస్టీలకి, మహిళలకి 60 శాతం దాకా సాయం పెట్టారు. తిలాపియా అనుమతి, ఈ సాయం రెండూ జిల్లా మత్స్యశాఖ ఆఫీసులోనే అడగాలి. కాగితం చేతికి వచ్చేదాకా సీడుకి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

పర్లాకిమిడి_చేపలకొట్టు

అమ్మకం సంగతి నన్ను చెప్పనివ్వండి. 1,360 కిలోలు ఒకే రోజు పడితే గుణుపూర్ బజారు మింగలేదు. ఆంధ్రా నుంచి ఐసు పెట్టెల్లో రోహు, కట్ల, రూప్‌చంద్, ఫంగస్ (పంగాసియస్) చేపలు రోజూ దిగుతుంటాయి, వాటితో ధరలో పోటీ పడలేవు తమ్ముడూ. నీ బలం ఒకటే, బతికున్న చేప. ట్యాంకులో నీళ్లు పోసి, ఈదుతున్న చేపని తూచి ఇస్తే ఐసు చేప ధర కంటే పైన నిలబడి బేరం చేయొచ్చు. మా ఒడియా ఖాతాదారులు రోహి తప్ప మరోటి చేప కాదంటారు, ఆవపిండి బెసర కూర అంటే వాళ్లకి రోహి (రోహు) ముక్కే. కానీ హోటళ్లకి, పకోడీ బండ్లకి తిలాపియా ముక్క బాగా కుదురుతుంది, ముల్లు ఏరే పని లేదు.

వారానికి వంద, నూటేభై కిలోలు పెద్దవి ఏరి తీస్తూ రా. మిగిలినవి ఖాళీ దొరికి ఇంకా పెరుగుతాయి. పట్టే ముందురోజు మేత ఆపేయ్, లేకపోతే ట్యాంకు నీళ్లు గంటలో పాడవుతాయి. బురద వాసన కొడితే మాత్రం నా కొట్టుకి తేవద్దు.

జైపూర్_మాస్టారమ్మ

బురద వాసన పోదా?

పర్లాకిమిడి_చేపలకొట్టు

పోతుందమ్మా. శుభ్రమైన నీళ్ల తొట్టెలో రెండు మూడు రోజులు మేత లేకుండా ఉంచితే చాలా వరకు పోతుంది. నిమ్మకాయ, ఉప్పు రుద్దితే పైపైన మాత్రమే.

హీరమండలం_నావ

నా మాట మారలేదు. కానీ ఆగస్టుకి ఖాళీ చేస్తామంటున్నారు, మెట్ట మీద చెరువంటున్నారు. అలుగుకి ఏం కడతారో చెప్పండి. "వల కట్టాం" అని చెప్పి, పెద్ద వాన రాత్రి గట్టు తెగకుండా ఆ వలని కోసి పారేసినవాళ్లని నేను ఎరుగుదును. కోయకుండా ఏం చేస్తారు?

కాశీనగర్_మేతబస్తా

అలుగు వెడల్పు పెంచాలి బాబాయ్, అదొక్కటే దారి. అలుగు ఇరుకైతే వల అడ్డుపడి నీళ్లు గట్టెక్కుతాయి, అప్పుడు ఎవడైనా కోస్తాడు. రెండింతల వెడల్పు చేసి, ముందు వెదురు తడక, వెనక ఇనుప జల్లెడ పెడితే నీళ్లు పోతాయి, చేప ఆగుతుంది. గట్టు కూడా పాత వరద మట్టం కంటే రెండడుగులు పైకి లేపాలి. ఈ ఖర్చు లెక్కలో లేకపోతే తిలాపియా వద్దనే నేనూ అంటాను.

గుణుపూర్_కుర్రోడు

సరే. నాన్న ఒప్పుకున్నది ఇంతే: ఈ ఏడు ఇప్పచెక్క వేసి చెరువు శుభ్రం చేసి రోహు, కట్లే, కాకపోతే మేత పెట్టి పద్ధతిగా. అలుగు, గట్టు పని ఈ వేసవిలోనే. బోరు నీళ్లు వచ్చే మే నెలకి నిలిస్తే ఆ పై మార్చిలో తిలాపియా. నాకు ఇంకా రెండేళ్లు ఆగాలా అనిపిస్తోంది కానీ సరే.

చివరగా ఒకటి. అప్పుడు సీడు తెచ్చుకున్నాక అది నైలు రకమో నల్లదో ఎలా గుర్తుపట్టాలి?

కాశీనగర్_మేతబస్తా

పిల్లలో కష్టం. కాస్త పెరిగాక తోక చూడండి. నైలు రకానికి తోకరెక్క మీద నిలువు గీతలు వరసగా, స్పష్టంగా ఉంటాయి. మొజాంబిక్ మగది గుడ్లకాలంలో ఒళ్లంతా నల్లబడి, దవడ కింద తెల్లగా, రెక్కల అంచు ఎర్రగా అవుతుంది. కానీ సంకరాలు ఎక్కువ కాబట్టి కంటితో చూసి కాదు, అనుమతి ఉన్న హ్యాచరీ బిల్లు చూసి కొనాలి. బిల్లు ఇవ్వనంటే సీడు వద్దు.

తెచ్చిన రోజు ఆక్సిజన్ సంచుల్ని కోయకుండా పావుగంట చెరువులో తేలనివ్వండి. తర్వాత సంచిలోకి చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా పోసి, పిల్లల్ని వాటంతట అవే బయటికి ఈదనివ్వాలి. ఎండలో కాదు, సాయంత్రం. ఓ వంద పిల్లల్ని హాపాలో (చెరువు నీళ్లలో కట్టే సన్నకన్ను వల తొట్టెలో) వేరుగా ఉంచి మూడు రోజులు చూడండి. అందులో ఎన్ని చచ్చాయో రాసుకుని హ్యాచరీ వాడికి ఫోన్ చేస్తే, మాట్లాడటానికి చేతిలో లెక్క ఉంటుంది.

పర్లాకిమిడి_చేపలకొట్టు

సంతలో ఆ పెద్దమనిషి నిన్న మా ఊరికీ వచ్చాడు. బిల్లు అడిగితే బిందె నెత్తిన పెట్టుకుని పక్క వీధిలోకి వెళ్లిపోయాడు.